ముసిలామె అనని మాట

కదిరి బస్టాండులో ఈ బస్సెక్కి కూచున్నప్పటినుంచి నాకు ఒకటే అనిపిస్తాంది, దిగిపోదామని. ఇంగా కదల్లేదు కదా, డ్రైవరు టీ తాగేకి పోయినాడు, దిగి స్టేషను దావ పడితే మధ్యాహ్నం బండికి ధర్మవరం చేరుకోవచ్చు, రేపు పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్ళు దించొచ్చు, పోయిన పని ఏమాయ అని చెన్నమ్మ అడిగితే ఆ మనిషి ఊళ్ళో లేదని చెప్పొచ్చు. నా పెండ్లాం చెన్నమ్మ నేను ఏం చెప్పినా నమ్ముతాది. అదే నాకు కష్టం. మోకాళ్ళు ముందు సీటుకు తగులుతాండాయి. నలభై ఆరేండ్లకే ఇట్లయిపోయినాయి కాళ్ళు, ముప్పై ఏండ్లు ఆ గుంతలో వేలాడి వేలాడి, బయటికొస్తే నిలబడేది ఎట్లనో మర్చిపోయినట్ల. పొద్దున రైల్లో నిలబడే వచ్చినా. ఈ పొద్దు అమావాస్య, మగ్గానికి సెలవు, ఇంట్లో చాప మీద నడుం వాల్చి పడుకోవల్సిన దినం. ఇంత అలుపు పెట్టుకోని, శివరాత్రి పోయీ పోంగానే ముదిరిన ఈ ఎండలో, ఎన్నడూ చూడని పల్లెకు, ఎన్నడూ చూడని ఆడమనిషి కోసరం పోతాండానంటే ఎవురైనా నవ్వుతారు. పక్కన కూచున్న పెద్దామె యా ఊరికప్పా అని అడిగింది. వంకపల్లికి అన్నా. ఆడ ఎవురున్నారు నీకు అనింది. ఏం చెప్పల్ల? మాకు బంధువు కాదు, కులం కాదు, పేరు కూడా పది దినాల కిందటి దాకా తెల్దు. తెలిసినోళ్ళు అని చెప్పి కిటికీ పక్కకు తిరుక్కున్నా. బస్సు కదిలింది. ఇంగ దిగేది లేదు.

ఓబమ్మ. వంకపల్లి బళ్ళో నీళ్ళు మోసే ఓబమ్మ. ఆయమ్మా నేనూ కలిసి రెండేండ్లు ఒక కత రాసినామంటే, ఆ మాట నోట్లో పెట్టుకుంటేనే నాకు వింతగా ఉండాది. అట్ల రాసేది ఎట్లంటే, ఒక మనిషి నావాడు, ఒక మనిషి అవతలి వాళ్ళది. నావాడు ఏం చేసినాడో, ఏమన్నాడో నేను ఉత్తరంలో రాసి పంపిస్తా. దానికి వాళ్ళ మనిషి ఏం చేసిందో, ఏమనిందో వాళ్ళు రాసి పంపిస్తారు. ముందు ఏమైతాదో ఇద్దరికీ తెల్దు. నావాడు నీరుగంటి. చెరువు తూము ఎత్తి, దించి, ఎవురి మడికి ఎంత నీళ్ళో పంచే మనిషి. ఆ చెరువులో ఏడేండ్లుగా నీళ్ళు లేవు. అయినా పొద్దున్నే లేచి కట్ట మీదికి పోతాడు, తూము కాడ కూచుంటాడు, మాపటికి ఇంటికొస్తాడు. వాడు చేసేది అంతే. అట్లాంటి వాని పక్కన కూచోని మాట్లాడే మనిషి కావల్ల నాకు. అదెంత కష్టమో అప్పుడు తెల్దు.

కిటికీలోంచి వడగాలి కొడతాంది. ఆ పక్కా ఈ పక్కా చెనిక్కాయ పెరికిన చేన్లు, ఎర్రగా, బోడిగా, గొర్రెలు ఏం దొరుకుతాయనో వాసన చూసుకుంటా పోతాండాయి. గుండ్లు పేర్చినట్ల గుట్టలు. రెండేండ్లు నేను రాసిన చెరువు ఇట్లాంటి జాగాలోనే ఉండాది. నేను పెద్దగా తిరిగినోణ్ణి కాదు, మా వీధి, మగ్గం, సేటు అంగడి, అంతే. చెరువును తెచ్చింది తిమ్మన్న. తిమ్మన్న మా మగ్గాలింట్లో నా పక్క గుంతలో కూచునేవాడు. పదకొండేండ్లు పక్కపక్కన నేసినాం. నాడె ఆ పక్కనుంచి ఈ పక్కకు పోతాంటే, అచ్చు టపటపమంటాంటే, వాడు ఒకదినం ఉన్నట్టుండి, ఏమప్పా నీరుగంటీ, ఈ పొద్దన్నా నీళ్ళు ఇడుస్తావా లేదా అన్నాడు. నేనెందుకన్నానో తెల్దు, చెరువులో ఉంటే కదా రెడ్డీ ఇడిసేది అన్నా. అట్ల మొదలాయ. వాడు రెడ్డి అయ్యేవాడు, దొంగ అయ్యేవాడు, వానకు మొక్కుకునే దాసరి అయ్యేవాడు, ఒకసారి నా మడికి నీళ్ళెప్పుడని అడిగే కొత్త పెండ్లికూతురు అయినాడు, గొంతు సన్నం చేసి మాట్లాడితే మగ్గాలింట్లో అందరూ నాడె ఆపి నవ్వినారు. నేను ఎప్పుడూ నీరుగంటినే. నాకు వేరే ఏదీ రాదు. వాడు ఒక మాట ఇడిస్తే దాన్ని పట్టుకోని ఇంకో మాట ఇడిసేది, అంతే నాకు వచ్చేది. నేను చెప్పేదాంట్లోకి వాడు చెయ్యి పెట్టేవాడు కాడు. నీరుగంటి ఏమంటాడో నువ్వే చెప్పప్పా అని కాసుకోని కూచునేవాడు, ఒక్కోసారి మధ్యాహ్నం దాకా కూడా.

తిమ్మన్న దగ్గేవాడు. మేమంతా దగ్గేవాళ్ళమే, పట్టు నూగు గొంతులో పడుతుందనుకునేవాళ్ళం. వాని దగ్గు వేరే అని తెలిసేలోపల వాడు మగ్గం దిగినాడు, ఇంట్లో మంచం ఎక్కినాడు. డెబ్బై ఆరులో పోయినాడు. ఎట్ల పోయినాడో, ఆ దినం ఏమైందో, ఇప్పుడు ఒద్దు. బస్సు ఒక గేటు కాడ నిలబడింది. పక్కనున్న పెద్దామె దిగిపాయ, గంపెత్తుకోని వెనక్కి తిరిగి నా మొగం చూసింది, ఏమయ్యా ఒంట్లో బాగలేదా అని అడిగినట్ల. బాగనే ఉండాది పెద్దమ్మా. అలుపు, అంతే.

వాడు పోయినాక నీరుగంటి ఒక్కడే మిగిలినాడు. మగ్గంలో కూచుంటే వాడు నా తలకాయలో కట్ట మీదికి పోతానే ఉంటాడు, పలకరించేవాళ్ళు లేరు. పక్క గుంతలోకి కొత్తగా వచ్చినాయన మంచోడే, రేడియో పెట్టుకుంటాడు. నేను ఎనిమిది దాకా చదివినా, రాసేది వస్తాది. మంగలి అంగట్లో వారపత్రికలో కలం స్నేహాల పేజీ చూసేవాణ్ణి, స్టాంపులు సేకరించువారు, నాణెములు సేకరించువారు, అందరూ ఏదో ఒకటి సేకరిస్తారు. నేను ఒక కార్డు రాసి పడేసినా. ఉత్తరాలలో ఇద్దరు కలసి కథ రాయుటకు తోడు కావలెను, ఒక మనిషి నేను, ఒక మనిషి మీరు. నాలుగు నెల్లకు వేసినారు. చెన్నమ్మ కండెలకు దారం చుట్టుకుంటా ఇనింది. తోడు కావలెను అని పేపర్లో వేస్తే రెండో పెండ్లికి అనుకుంటారు చూడు అనింది. నిజంగానే ఒకాయన తన చెల్లెలి జాతకం పంపించినాడు.

ఎంతమంది. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతాది. అనంతపురంలో ఏదో ఆఫీసులో టైపు కొట్టే ఆయన, ఎంత హుషారుగా రాసినాడో, మొదటి ఉత్తరంలోనే ఆయన మనిషి గుర్రమెక్కి తుపాకి పట్టుకోని కట్ట మీదికొచ్చినాడు. సరే, రానీ అనుకున్నా. ఆ ఉత్తరం చివరికి వచ్చేసరికి మా నీరుగంటి గడగడ వణికి ఆయన కాళ్ళు పట్టుకోని ఏడ్చినాడని ఆయనే రాసేసినాడు. నావాడు పట్టుకోడయ్యా కాళ్ళు. వాడు ఏమి చేసినాడో నేను కదా చెప్పల్ల. మెల్లగా, నొప్పించకుండా రాసినా. రెండో ఉత్తరంలో నీరుగంటిని చంపేసినాడు. హిందూపురం క్లర్కు ఒకాయన కార్డు ముక్క రాసేవాడు, మీ లేఖ అందినది, చాలా బాగున్నది, నా పాత్ర కూడా నవ్వినది, మీరు కొనసాగించగలరు. నేను నాలుగు పేజీలు రాస్తే ఆయన పాత్ర నవ్వుతాది. ఆరు నెల్లు నవ్వింది. ఉరవకొండ నుంచి అయ్యవారొకాయన నా ఉత్తరాన్నే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపించేవాడు, నీరుగంటి నోట ఇంత గ్రామ్యం తగదని. ఒకామె బాగనే రాసింది, మూడు ఉత్తరాలు, నాకు ఆశ పుట్టింది, నాలుగో దాంట్లో ధర్మవరం పట్టుచీరలు తక్కువలో ఇప్పిస్తారా అని అడిగింది. ఇప్పించినా. మళ్ళీ రాయలేదు. ఒకాయన రాస్తా రాస్తా ఉండి ఉన్నట్టుండి మానేసినాడు, ఎందుకో ఈ పొద్దుకూ తెల్దు, బతికినాడో లేదో కూడా తెల్దు. ఇట్ల అయిదేండ్లు. ప్రతివాళ్ళకీ మొదటినుంచి చెప్పల్ల, చెరువు ఇట్లుంటాది, తూము ఇట్లుంటాది, నావాడు ఇట్లాంటోడు. చెప్పీ చెప్పీ చెరువు మీదనే విసుగొచ్చింది. ఎనభై ఒకటిలో ఇంగ చాలనుకున్నా. అప్పుడు వచ్చింది వంకపల్లి ఉత్తరం.

జయరాముడు, ఏకోపాధ్యాయుడు, వంకపల్లి, కదిరి తాలూకా అని వెనకాల అడ్రసు. అక్షరాలు ముత్యాల మాదిరి. లోపల పది వరసలు కూడా లేవు. ఒక ముసలామె కట్టమీదికి వచ్చింది. నడిచి వచ్చిన కాళ్ళు చూసుకున్నది. చెరువు చూసింది. నీరుగంటిని ఏమీ అడగలేదు. కొంచెం ఎడంగా కూర్చున్నది. అంతే. మగ్గంలో కూచోనే చదివినా. ఎవురు ఆయమ్మ, యాడనుంచి వచ్చింది, ఏం కావల్ల, ఒక్కటీ రాయలేదు. నావాడు మాట్లాడేకి జాగా ఇడిసిపెట్టి అవతలాయన చేతులు కట్టుకోని కూచున్నట్ల. తిమ్మన్న కూచున్నట్ల. ఆ దినం నేను నాలుగు వేళ్ళ గుడ్డ కూడా నెయ్యలేదు. చెన్నమ్మ చూసి, ఏమి, దొరికినాడా అనింది. దొరికినాడు అన్నా.

రెండేండ్లు. నెలకు రెండు ఉత్తరాలు, ఒక్కో నెల మూడు. నీరుగంటి మాట్లాడతాడు, ముసిలామె వింటాది. ఒక్కోసారి ఒక మాట అంటాది, ఒక్కోసారి లేచి తూములో చెయ్యి పెట్టి చూసొస్తాది. నావాడు ఇంత మాటకారి అని నాకే తెల్దు. వాని నాయన సంగతి చెప్పినాడు, నీళ్ళున్న కాలం సంగతి చెప్పినాడు. ఎనభై రెండు చలికాలంలో ఒక ఉత్తరం రాస్తా ఉంటే, వాడు చెప్పకూడని దాంట్లోకి పోయినాడు. నేను ఆపలేదు. నాకొక తమ్ముడుండె, వాడు జబ్బుతో పడుకోని నన్ను పిలిపించినాడు, మూడుసార్లు మనిషిని పంపినాడు, తూము కాడ పనుందని నేను పోలేదు, పొద్దు గుంకినాక పోతే అయిపోయిండె అని నీరుగంటి ముసిలామెతో చెప్పినాడు. రాసి, అంటించి, మళ్ళీ చదవకుండా డబ్బాలో వేసినా.

తూము కాడ పని కాదు అది. పెండ్లి చీర. ఆ మాపటికి కోసి ఇయ్యల్ల, కొంగు ఇంగా మూర నెయ్యాల్సి ఉండె. తిమ్మన్న పెండ్లాం నాగలక్ష్మమ్మ తానే వచ్చింది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, ఎండ వాలినాక ఒకసారి. గడప దాటి లోపలికి రాలేదు, బయటనే నిలబడి, పిలుస్తాండాడన్నా, రొంతసేపు వచ్చిపో అనింది. ఇదో వస్తా అన్నా. మూడుసార్లూ అదే అన్నా. చెన్నమ్మ ఆ దినం పుట్టింట్లో ఉండె. తెల్సుంటే పోకుండా ఉంటాడా అని అందరితో తనే చెప్తాది, నేను పోయేసరికి ఆలస్యమాయనని. నాగలక్ష్మమ్మకు తెల్సు. రెండు వీధుల అవతలే ఉంటాది, కొళాయి కాడ ఎదురైతే బాగుండావా అన్నా అంటాది, ఇంకేమీ అనదు, ఎనిమిదేండ్లుగా. నేను వేరే సందులోంచి పోతా.

ఆ ఉత్తరానికి వంకపల్లి నుంచి జవాబు పదహైదు దినాలకు వచ్చింది. నాకు కంఠతా వస్తాది. ముసలామె ఏమీ అనలేదు. కొంగుతో తన పక్కన కట్టమీది మట్టి తుడిచింది. నీరుగంటి వైపు చూసి, ఇక్కడికి వచ్చి కూర్చో అన్నట్టు తల ఊపింది. అంతే, మూడు వరసలు. ఆ ఉత్తరం పట్టుకోని పెరట్లోకి పోయి ఏడ్చినా. ఎవురో ఒకరికి తెల్సింది, తెల్సీ పక్కన కూచోమన్నారు. అప్పటినుంచి నా అంతకు నేను రొంత కుదుట పడినా, నిద్ర పట్టింది, అన్నం తిన్నట్లనిపించింది. జయరాముడు సారు ఎట్లాంటి మనిషో అనుకునేవాణ్ణి. ఎప్పుడైనా పోయి కాళ్ళకు దండం పెట్టి రావల్ల అనుకునేవాణ్ణి.

పోయిన ఏడు వినాయక చవితి దాటినాక ఉత్తరాలు నిలిచిపోయినాయి. ఒకటి రాసినా, రెండు రాసినా, మూడు. అయిదు నెల్లు. మళ్ళీ అదే అయింది అనుకున్నా, ఈయప్ప కూడా అలిసిపోయినాడు, లేకపోతే నేనేమన్నా తప్పు రాసినానేమో అని పాత ఉత్తరాలన్నీ ముందరేసుకోని వెతుక్కున్నా. పది దినాల కింద మడకశిర తట్టు ఏదో ఊరినుంచి ఇన్‌లాండు వచ్చింది. ఆ ముత్యాల అక్షరాలే. బదిలీ అయిందంట. రామదాసు గారు క్షమించాలి, రాసింది నేనే గాని చెప్పింది నేను కాదు, మా బడిలో నీళ్ళు పోసే ఓబమ్మకు ఒకరోజు మీ ప్రకటన చదివి వినిపించి, నేనొక యోధుణ్ణి పంపిద్దామనుకుంటే ఆమె వద్దన్నది, ఒక ముసలామె వస్తుంది అన్నది, అప్పటినుంచి చెప్పేది ఆమె, రాసేది నేను, మీరు నన్ను మెచ్చుకుంటూ రాస్తుంటే చెప్పడానికి నోరు రాలేదు, ఆమెకు చదువు రాదు, మీ ఉత్తరాలు అక్కడ ఎవరూ చదివి వినిపించి ఉండరు అని రాసినాడు. 

కోపం వచ్చింది మొదట. నా తిమ్మన్న సంగతి ఒకాయన చదివితే ఇంకొకామె ఇనింది, ఇద్దరూ కూచోని నా గురించి ఏమనుకున్నారో. నాలుగు దినాలు ఎవురితో మాట్లాడలేదు. కోపం ఎక్కువ దినాలు ఉండదు నాకు, దానికి కూడా ఓపిక కావల్ల. తర్వాత ఇంకో మాట అనిపించింది. అంటే ఆ మట్టి తుడిచింది ఓబమ్మ. పక్కన కూచోమనింది ఓబమ్మ. చెన్నమ్మతో చెప్పినా, పోయి చూసి రావల్ల అని. చూసి ఏం చేస్తావు అనింది. తెల్దు అన్నా. సద్ది కట్టిచ్చింది. పోయి రా, పోకుంటే నువ్వు నిద్రపోవు, నన్ను నిద్రపోనీవు అనింది.

వంకపల్లి క్రాస్ అని కండక్టరు నా మీదికి వంగి అరుస్తాండాడు. దిగినా. బస్సు పోయినాక దుమ్ము సర్దుకునేదాకా నిలబడి, తర్వాత కంపచెట్ల నడుమ దావలో నడిచినా, మైలు ఉంటాది. ఊరికి ఈ పక్కనే బడి, ఒకే రూము, ముందు పంచ. ఒంటిపూట బళ్ళు కాబట్టి పిల్లోళ్ళు లేరు, తలుపుకు తాళం. పంచలో ఒకామె కూచోని నీళ్ళకుండ బోర్లించి బూడిదతో తోముతాంది. యాభై ఉంటాయి. సన్నగా, నల్లగా, మోచేతుల దాకా బూడిద. నీళ్ళు కావల్నా అప్పా అనింది తల ఎత్తకుండా. ఓబమ్మంటే నువ్వేనా అక్కా అన్నా. నేనే అనింది. నేను ధర్మవరం నుంచి వచ్చినా, నా పేరు రామదాసు అన్నా. చెయ్యి ఆగింది. నన్ను పై నుంచి కిందికి చూసింది, చానా సేపు.

"నీరుగంటా?"

ఊ అన్నా. పొడుగ్గా ఉంటావనుకున్యా అనింది. లేచి ఇంకో కుండలోంచి చెంబుతో నీళ్ళిచ్చింది, తాగినంతసేపు చూస్తానే ఉండింది. పంచలో నీడ చూపించి కూచోమనింది, తాను మళ్ళీ కుండ కాడ కూచునింది. సద్ది తెచ్చుకున్యావా, తిను అనింది. ఇట్లాంటి మాటలే, ఏదో చుట్టం వచ్చినట్ల. కొత్త సారుకు ఇట్లాంటివి పట్టవంట. ఉత్తరాలు వచ్చినాయంట, మూడు, సారు పేరు మీద కాబట్టి ఇప్పకుండా పక్కన పెట్టినారంట. నేను మెల్లగా, రెండేండ్లు ఎంత బాగా చెప్పినావక్కా అన్నా, ఆయమ్మ ఎక్కువ మాట్లాడదు కదా, ఆ ముసిలామె, అదే నాకు నచ్చింది, నావానికి జాగా ఇడిసింది అన్నా.

ఓబమ్మ నవ్వింది, పండ్లు కనపడకుండా. ఎక్కువ మాట్లాడకపోవడమేమి అనింది. నేను గంట సేపు చెప్తాంటి. ముసిలామెది యా ఊరు, ఎందుకు నడిచొచ్చింది, కూతురు ఏమైంది, కడుపులో ఏముండాది, అంతా చెప్తాంటి. సారు చెయ్యి నొప్పి అంటాండె. చాలు ఓబమ్మా, కాగితం అయిపోతాది అంటాండె. నాలుగు మాటలు రాసి అంటించేస్తాండె. నేనేమో అంతా రాసినాడనుకుంటి.

చేతులు కట్టుకోని కూచున్న మనిషని రెండేండ్లు నేను అనుకున్నది ఒక సారు చెయ్యి నొప్పి. ఆ ఖాళీ జాగా ఎవురూ నాకోసం ఇడిసిపెట్టింది కాదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ పూర్తిగా రాలేదు. పంచలో ఈగలు ముసురుతాండాయి. అప్పుడు ఆ మూడు వరసలు గుర్తుకొచ్చినాయి. అడక్కుంటే బాగుండు అనుకుంటానే అడిగినా. తమ్ముని సంగతి రాసినప్పుడు, మూడుసార్లు పిలిచినా పోలేదని రాసినప్పుడు, ఆ ఉత్తరానికి ముసిలామె ఏమనింది అక్కా?

ఓబమ్మ ఆలోచించేకి కూడా ఆగలేదు.

"యాల పోలేదు అని అడిగె. తూము కాడ నీళ్ళే లేవు కదా, ఏం పనుండె నీకు, యాల పోలేదు చెప్పు అని అడిగె."

సారు వద్దన్నాడంట. పాపం ఆయప్ప నొచ్చుకుంటాడు, ఎందుకు పోలేదని అడగకూడదు ఓబమ్మా అన్నాడంట. మట్టి తుడిచి పక్కన కూచోమనిందని రాస్తానన్నాడంట. సరే నీ ఇష్టం అనిందంట ఆయమ్మ, నీళ్ళకు పోయే పొద్దాయ, నిలబడి కొట్లాడే తీరిక లేదు. కుండ ఇటు తిప్పి అటు తిప్పి తోముతానే చెప్తాంది. నొచ్చుకుంటావని నాకు తెల్దప్పా, ముసిలామెకు తెలుసుకోవల్లనిపించె, అడిగె, అంతే.

కుదుటపడిన ఈ ఏడాది కాలం అట్లే నా చేతుల్లోంచి జారిపాయ. ఎవురూ నన్ను తెల్సుకోని పక్కన కూచోమనలేదు. ఒక మంచి మనిషి, నొచ్చుకుంటానని, ఏదో రాసినాడు. నిజంగా ఇనినామె అడిగింది, నాగలక్ష్మమ్మ ఎనిమిదేండ్లుగా అడగనిది, చెన్నమ్మకు అడగాలని కూడా తెలియనిది. లేచి పోదామనుకున్నా. ఎంత దూరం నడవల్ల మళ్ళీ, క్రాస్ దాకా, ఆ ఎండలో. అలుపు అంటే ఏమిటో అప్పుడు తెల్సింది, పోయేకీ కాదు, ఉండేకీ కాదు. 

చెప్తావా ఏమన్నా అని అడిగింది ఓబమ్మ. నా తట్టు చూసుకోని చెప్పొద్దులే, మనిషి ఎదురుగా ఉంటే నాకూ ఏమీ రాదు, ఆ పక్కకు తిరిగి కూచో, ఉత్తరం రాసినట్ల చెప్పు అనింది. తిరిగి కూచున్నా. ముందర బడి బయలు, దాని అవతల దున్నని చేను, ఎండకు అట్ల మెరుస్తాంది. వెనకాల బూడిద రాపిడి. పెండ్లి చీర సంగతే చెప్దామని నోరు తెరిచినా. మూర కొంగు, మాపటికి కోసి ఇయ్యల్ల, అదే కదా ఎప్పుడూ నాకు నేను చెప్పుకునేది. ఆ మాట రాలేదు. 

"వాడు నన్ను పిలిచింది కత ముగించేకి అక్కా," అన్నా. "అంతకు ముందు దినం పోయినప్పుడే చెప్పినాడు. నీరుగంటీ, రేపు నీళ్ళు ఇడిసేద్దామప్పా, చెరువు నిండిందని చెప్పి ముగిచ్చేద్దాం, శానా దినాలాయ అన్నాడు. ముగిస్తే పోతాడు. నేను పోకుంటే కత ముగియదు కదా, ఉంటాడు అనుకున్నా. నేస్తా కూచున్నా. నాగలక్ష్మమ్మ వచ్చినప్పుడంతా, ఇంగా ఉండాడు, ఇంగా ఉండాడు అనుకున్నా."

ఇది నాకు తెలుసునా? తెలిసి ఉంటే ఎనిమిదేండ్లు ఎక్కడ పెట్టినా దాన్ని? వెనకాల రాపిడి ఆగిపాయ. నేను తిరిగి చూడలేదు. చేతుల మీద నీళ్ళు పోసుకుంటాంది, ఆ చప్పుడు ఇనపడతాంది. మెల్లగా, కొసరి కొసరి పోసుకుంటాంది, ఈ ఊళ్ళో నీళ్ళు ఎట్ల పోసుకుంటారో అట్ల. 

"ఇది మా ముసిలామెకు చెప్పినావా, నాకు చెప్పినావా?"

"తెల్దక్కా."

"నాకైతే నేనేమీ అనను. నాకెందుకు. ముసిలామెకైతే, ఆయమ్మ దీంతో ఇడిసిపెట్టదు. వాణ్ణి ఒంటరిగా యాల పోనిచ్చినావని అడుగుతాది. ఇంగా ఏమేమో అడుగుతాది."

చేను మీద గాలి లేచింది, రొంత దుమ్ము లేపి మళ్ళీ పడుకుంది. నాలుగు గంటల బస్సు ఉండాది, అది పోతే ఆరు గంటలది.

"అడగనీ," అన్నా.